వైల్డ్‌క్యాట్ కాన్యన్ కొండ దారుల్లో పరుగు: ఏ రూట్‌తో మొదలుపెట్టాలి, ఎలా పరిగెత్తాలి

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "రోడ్డు మీద 10కె ఆగకుండా పరిగెత్తుతాను. కొండ దారిలో పది నిమిషాలకే ఆయాసం ఎందుకొస్తోంది? అసలు ఏ రూట్‌తో మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. రిచ్‌మండ్, బర్క్‌లీ ఊళ్ల వెనక కొండల్లో ఉన్న వైల్డ్‌క్యాట్ కాన్యన్ రీజినల్ పార్కును తీసుకుని చెబుతున్నాను. కొత్తవాళ్లకు సరిపోయే సాఫీ దారి నుంచి తొడలు వణికించే ఏటవాలు దాకా అన్ని రకాలూ ఈ ఒక్క పార్కులోనే దొరుకుతాయి.

ముందు పార్కు స్వరూపం. మధ్యలో వైల్డ్‌క్యాట్ క్రీక్ అనే వాగు. దానికి తూర్పున శాన్ పాబ్లో రిడ్జ్ అనే పొడవాటి గట్టు. వాగు వెంబడి ఒక దారి ఉంది, పేరు వైల్డ్‌క్యాట్ క్రీక్ ట్రైల్. గట్టు మీద ఇంకో దారి ఉంది. దక్షిణం వైపు దాన్ని నిమిట్జ్ వే అంటారు, తారు వేసి ఉంటుంది. ఉత్తరానికి వెళ్లేసరికి తారు అయిపోయి శాన్ పాబ్లో రిడ్జ్ ట్రైల్ అనే మట్టి రోడ్డవుతుంది. వాగు నుంచి గట్టు మీదికి ఎక్కే దారుల్లో మనకు కావలసినవి బెల్గమ్, మెజూ, కాన్లన్, హేవీ కాన్యన్. ఈ బొమ్మ బుర్రలో ఉంటే దారి తప్పడం కష్టం.

లోపలికి వెళ్లడానికి రెండు చోట్లు గుర్తుంచుకోండి. ఉత్తరాన, కింద వాగు మట్టంలో, అల్వరాడో స్టేజింగ్ ఏరియా, అంటే కారు ఆపి బయల్దేరే చోటు. ఐ-80 మీద మెక్‌బ్రైడ్ అవెన్యూ దగ్గర దిగితే వస్తుంది. దక్షిణాన, పైన గట్టు మీద, టిల్డెన్ పార్కులోని ఇన్‌స్పిరేషన్ పాయింట్. శాన్ రామోన్, డబ్లిన్ వైపు నుంచి వచ్చేవాళ్లకు హైవే 24 మీద ఒరిండా దగ్గర దిగి వైల్డ్‌క్యాట్ కాన్యన్ రోడ్డు పట్టుకోవడం సుఖం. ఒకటి కింద, ఒకటి పైన. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు, అక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది.

కావలసినవి

- బూట్లు. నిమిట్జ్ వే వరకే అయితే రోడ్డు బూట్లు చాలు. మట్టి దారులకు అడుగున పళ్లున్న ట్రైల్ షూ తీసుకోండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి గోళ్లు నల్లబడతాయి కాబట్టి వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ కదలకుండా లేసును చివరి రంధ్రం దాకా బిగించి కట్టండి.
- నీళ్లు. గంట లోపు పరుగుకు అర లీటరు, రెండు గంటలైతే లీటరున్నర. దారి మధ్యలో దొరుకుతాయనుకోవద్దు. చేతిలో సీసా పట్టుకుంటే దిగేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు, అందుకని వీపుకు తగిలించుకునే రన్నింగ్ వెస్ట్ మంచిది.
- మ్యాప్. ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటుంది. ఇంట్లోనే దించుకుని ఫొటోల్లో పెట్టుకోండి. లోయలో సిగ్నల్‌ను నమ్ముకోలేం.
- పలచటి విండ్ జాకెట్. కింద చెమటలు కక్కుతూ బయల్దేరినా గట్టెక్కాక సముద్రపు గాలి కొడుతుంది.
- తినడానికి ఏదైనా. పరుగులో తినే ఎనర్జీ జెల్ పడకపోతే ఖర్జూరాలు, వేరుశనగ చిక్కీ పనిచేస్తాయి. రెండు గంటలు దాటితే కాస్త ఉప్పున్నది కూడా కావాలి.
- మణికట్టు దాకా వచ్చే పొడుగు చేతుల చొక్కా, పొడుగు మేజోళ్లు. పేలపురుగులు (టిక్స్), తాకితే దురద పుట్టించే పాయిజన్ ఓక్ మొక్క ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

ఇయర్‌ఫోన్లు కారులో వదిలేయండి. వెనక నుంచి సైకిలు రావచ్చు, ముందు పాము బుసకొట్టొచ్చు. మిగతా బ్యాగులు మాత్రం కారులో కనబడేలా పెట్టకండి. బే ఏరియాలో అద్దం పగలడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు.

1. ముందు నేల చూడండి, తర్వాతే రూట్

ఇక్కడ వానలు ప్రధానంగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. ఈ కొండల మట్టి వాన పడితే బంక. నల్లరేగడి చేలో నడిచినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు: నాలుగు అడుగులకు బూటు కింద ఇంకో బూటు తయారవుతుంది. ఎండలో అదే మట్టి రాయిలా గట్టిపడుతుంది, ఆవుల గిట్టల గుంటలు అలాగే ఎండిపోయి చీలమండలు మెలితిప్పుతాయి.

కాబట్టి పెద్ద వాన పడ్డాక కనీసం రెండు మూడు రోజులు మట్టి దారులు వద్దు. తడి నేల మీద పరిగెత్తితే మీ కాళ్లకే కాదు, దారికీ నష్టం. ఆ రోజుల్లో తారున్న నిమిట్జ్ వేకి వెళ్లండి. ఇంకో మంచి ప్రత్యామ్నాయం టిల్డెన్‌లోని సౌత్ పార్క్ డ్రైవ్. ఏటా నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఆ రోడ్డు మీద కార్లను ఆపేస్తారు. న్యూట్ అనే చిన్న ఉభయచరాలు గుడ్లు పెట్టడానికి నీళ్లవైపు రోడ్డు దాటుకుంటూ పోతాయి, వాటి కోసం. నడిచేవాళ్లకు, పరిగెత్తేవాళ్లకు అడ్డు లేదు. కార్లు లేని ఏటవాలు తారు రోడ్డు, ఎక్కుడు సాధనకు ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే కాళ్ల కింద చూసుకుంటూ వెళ్లండి. వానపడిన రోజున గోధుమ, నారింజ రంగు జీవాలు నింపాదిగా రోడ్డు దాటుతుంటాయి.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సమస్య తిరగబడుతుంది. ఇక్కడ బాగా ఎండ కాసేది తరచుగా అప్పుడే. గట్టు మీద చెట్టు నీడ దాదాపు ఉండదు. పొద్దున తొమ్మిదిలోపు ముగించేలా వెళ్లండి. మంటల ప్రమాదం ఎక్కువగా ఉందని రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో పార్కులే మూసేయొచ్చు, బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూడండి.

2. మొదటి రెండు మూడు వారాలు నిమిట్జ్ వే

ఇన్‌స్పిరేషన్ పాయింట్‌లో కారు ఆపి గేటు దాటితే నిమిట్జ్ వే మొదలు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్ పేరు దీనిది. ఆయన బర్క్‌లీలో ఉన్న రోజుల్లో ఇక్కడ నడిచేవాడు, పూల విత్తనాలు చల్లుకుంటూ వెళ్లేవాడని చెబుతారు. సుమారు 4 మైళ్లు తారు దారి, అంటే ఆరున్నర కిలోమీటర్లు. చిన్న చిన్న ఎత్తుపల్లాలు తప్ప భయపెట్టేదేమీ లేదు. ఒక పక్క శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం, మౌంట్ టామల్‌పైస్. ఇంకో పక్క శాన్ పాబ్లో, బ్రియోన్స్ జలాశయాలు, దూరంగా మౌంట్ డయాబ్లో.

ఇక్కడ చేయాల్సింది ఇదీ: వెళ్లేటప్పుడు రెండు మైళ్లు, తిరిగొచ్చేటప్పుడు రెండు మైళ్లు. ప్రతి ఎక్కుడులోనూ వేగం తగ్గించి, శ్వాస ఒకే తీరుగా ఉంచుకోవడం నేర్చుకోండి. పరీక్ష తేలిక: ఒక పూర్తి వాక్యాన్ని మధ్యలో గాలి పీల్చకుండా పైకి చెప్పగలిగితే వేగం సరే. "ఇవాళ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు పాలు తీసుకెళ్లాలి" అనండి. "ఇంటికి" దగ్గర ఆగితే నెమ్మదించండి.

రెండో వారంలో కాస్త మట్టి రుచి చూడాలంటే, మొదటి నుంచి సుమారు ఒకటిన్నర మైలు వెళ్లాక ఎడమ వైపు వైల్డ్‌క్యాట్ పీక్ వైపు తిరగండి. దారిలో రోటరీ పీస్ గ్రోవ్ అనే సెకోయా చెట్ల తోపు వస్తుంది. శిఖరం ఎత్తు 1,250 అడుగుల దరిదాపు. చివరి ముక్క నడిచే ఎక్కండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు కూడా ఇదే చోటు. వాళ్లు హాయిగా అరమైలు నడిచి కూర్చుంటారు, మీరు మీ పరుగు ముగించుకుని వస్తారు. వాళ్లకూ ఒక స్వెటర్ తీసుకెళ్లండి, ఎండాకాలంలో కూడా పొద్దున పూట పొగమంచు కమ్ముకుంటుంది.

హెచ్చరిక: ఇన్‌స్పిరేషన్ పాయింట్ నుంచి తూర్పున జలాశయం వైపు దిగే దారులు నీటి సరఫరా సంస్థ ఈబీమడ్ భూముల్లోవి. వాటి మీదికి వెళ్లాలంటే ముందుగా పర్మిట్ కొనుక్కోవాలి. గేటు తెరిచి ఉందని దిగిపోకండి.

3. తర్వాత వాగు దారి, వెళ్లి రావడం

ఇప్పుడు అల్వరాడో వైపు రండి. వైల్డ్‌క్యాట్ క్రీక్ ట్రైల్ మొదట్లో పాత తారు రోడ్డు. కొండచరియలు విరిగిపడి, రోడ్డు కుంగి, వాహనాలకు పనికిరాకుండా పోతే దాన్ని కాలిబాటగా వదిలేశారు. తారు అక్కడక్కడా పగిలి అలల్లా లేచి ఉంటుంది. నేల మీద చూపు నిలపడం నేర్పడానికి ఇదొక మంచి బడి. తారు అయ్యాక వెడల్పాటి మట్టి దారి, వాగు పక్కన ఓక్, బే లారెల్ చెట్ల నీడ.

రెండు మైళ్లు వెళ్లి వెనక్కి రండి. బెల్గమ్ బోర్డు తొందరగానే వస్తుంది, మెజూ బోర్డు ఇంకా ముందుకు వెళ్లాక. ఈ రెండూ ఎక్కడున్నాయో కళ్లతో చూసి పెట్టుకోండి, వచ్చే వారం వాటితోనే పని. ఇక్కడ దారంతా అటూ ఇటూ ఊగుతూ పోతుంది, కచ్చితంగా ఎక్కుడనీ కాదు, దిగుడనీ కాదు. గడియారంలో వేగం చూసుకుని నిరాశపడతారు. చూడకండి.

నీడ ఉన్నచోట పాయిజన్ ఓక్ ఉంటుంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, వసంతంలో నూనె రాసినట్టు మెరుస్తాయి, వేసవి చివరికి ఎర్రబడతాయి. చలికాలంలో ఆకులు రాలి ఒట్టి పుల్లలు మిగులుతాయి, ఆ పుల్లలకూ దురద పుట్టించే నూనె ఉంటుంది. పక్క నుంచి ఎవరైనా వస్తే దారి ఇవ్వడానికి పొదల్లోకి జరగొద్దు, ఉన్నచోటే ఆగండి. తాకగానే ఏమీ తెలియదు, దద్దుర్లు ఒకటి రెండు రోజుల తర్వాత వస్తాయి. అందుకే చాలామంది దురదకు కారణం ఇంకెక్కడో వెతుకుతారు.

4. అసలు ఎక్కుడు: మెజూ ఎక్కి బెల్గమ్ దిగండి

చాలామంది తలకిందులు చేసేది ఇక్కడే. ఈ చుట్టు దారి సుమారు 6 మైళ్లు, మొత్తం ఎక్కుడు 1,000 అడుగుల పైచిలుకు. అల్వరాడో నుంచి వాగు దారిలో మెజూ బోర్డు దాకా వెళ్లి, ఎడమకు తిరిగి మెజూ ఎక్కుతారు. గట్టు మీద మళ్లీ ఎడమకు తిరిగి శాన్ పాబ్లో రిడ్జ్ ట్రైల్ మీద ఉత్తరానికి వెళ్తారు. బెల్గమ్ బోర్డు దగ్గర ఇంకోసారి ఎడమకు తిరిగి దిగుతారు. కింద వాగు దారి తగలగానే కుడికి తిరిగితే కారు దగ్గరే. మూడు ఎడమలు, ఒక కుడి.

దీన్నే తిరగేసి బెల్గమ్ ఎక్కి మెజూ దిగొచ్చు. అలా చేసేవాళ్లు ఉన్నారు, తప్పేమీ కాదు. కానీ కొత్తవాళ్లకు నా సలహా పైన చెప్పిన క్రమమే. మెజూ నిటారు. నిటారు దారిని ఎక్కేటప్పుడు నడవొచ్చు, ఊపిరి తప్ప ఏమీ పోదు. దిగేటప్పుడు మాత్రం ఎండిన గులకల మీద కాళ్లు జారతాయి, మోకాళ్లు బ్రేకులవుతాయి. బెల్గమ్ దిగుడు దాంతో పోలిస్తే మెత్తన.

ఎక్కేటప్పుడు:

- ఎక్కుడు మొదలవగానే అడుగు పొడవు సగం చేయండి. నడుము దగ్గర వంగొద్దు, ఒళ్లంతా చీలమండ దగ్గర నుంచి కాస్త ముందుకు వాలాలి.
- పైన చెప్పిన పాల వాక్యం పలకలేని క్షణం నడక మొదలుపెట్టండి. పూర్తిగా అలిసిపోయాక నడవడం ఆలస్యం. చేతులు తొడల మీద పెట్టి నొక్కుతూ నడిస్తే ఏటవాలు తేలికవుతుంది.
- నిలబడిపోవద్దు. నెమ్మదిగానైనా కదులుతూ ఉండండి, గుండె వేగం త్వరగా దారికొస్తుంది.

నడవడం చిన్నతనం అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పర్వతాల్లో వంద కిలోమీటర్ల పందేలు గెలిచేవాళ్లు కూడా నిటారు ఎక్కుళ్లు నడిచే ఎక్కుతారు. మొహమాటం అక్కర్లేదు.

గట్టెక్కగానే పని అయిపోయిందనుకోవద్దు. శాన్ పాబ్లో రిడ్జ్ మీద పొట్టి పొట్టి ఎక్కుళ్లు, దిగుళ్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మెజూ మీద ఖర్చు పెట్టేసినవాళ్లకు ఇవి నరకం. పైకి రాగానే రెండు గుక్కలు నీళ్లు, ఒక ఖర్జూరం, జాకెట్. ఒక నిమిషం ఆగినా పర్వాలేదు, చూడటానికి అఖాతం ఉంది.

దిగేటప్పుడు:

- చిన్న చిన్న గబగబ అడుగులు. కాలు శరీరం కిందే పడాలి, ముందుకు చాచి మడమతో బ్రేకు వేస్తే మోకాలికి దెబ్బ.
- చూపు కాళ్ల దగ్గర కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు.
- మోచేతులు కాస్త ఎడంగా, తూకానికి.
- భయం వేస్తే దారిలో ఆ పక్కకీ ఈ పక్కకీ వంకరగా దిగండి. దారి వెడల్పుగా ఉంది, వెనక సైకిళ్లు లేవని ఒకసారి చూసుకుంటే చాలు.

బెల్గమ్ కింది భాగంలో ఉన్నట్టుండి ఈత చెట్ల జాతి పామ్ చెట్లు కనిపిస్తాయి. గడ్డి కొండ మీద వాటికేం పని అనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డాక్టర్ బెల్గమ్ అనే ఆయన ఇక్కడ శానిటోరియం, అంటే రోగులు ఉండి కోలుకునే ఆసుపత్రి, నడిపాడు. భవనాలు లేవు, తోట మొక్కలు మిగిలాయి. మీకు ఇది ఒక గుర్తు కూడా: ఇవి కనిపించాయంటే వాగు దారి దగ్గర పడింది.

5. ఆవులు

ఈ గట్టంతా పశువుల మేత బీడు. గేట్లు ఉంటాయి. తీసిన గేటును వెంటనే మూయాలి, అదొక్కటే నిబంధన. ఊళ్లో ఆవుల మధ్య పెరిగాం అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఇవి తాడు, మనిషి చెయ్యి ఎరగని మాంసం జాతి పశువులు. పరిగెత్తుకుంటూ మీద మీదికి వెళ్తే బెదురుతాయి. పాతిక ముప్పై అడుగుల ముందే నడకలోకి దిగండి, మామూలు గొంతుతో ఏదైనా మాట్లాడండి. తల్లికీ దూడకీ మధ్యలోంచి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. దారికి అడ్డంగా పడుకుంటే దూరంగా చుట్టి వెళ్లండి, లేదా ఆగండి. అవి లేస్తాయి. లేవకపోతే వెనక్కి తిరగడమే, ఒకరోజు రూట్ మారితే ఏం పోదు.

6. పెద్ద చుట్టు: హేవీ కాన్యన్ మీదుగా

నాలుగో మెట్టులోని చుట్టును వరుసగా మూడు నాలుగు వారాలు ఇబ్బంది లేకుండా చేశాక ఇది. అల్వరాడో నుంచి వాగు దారిలో మెజూ దాటి ముందుకు వెళ్లి, హేవీ కాన్యన్ ట్రైల్ మీద గట్టెక్కుతారు. నిమిట్జ్ వే తగలగానే ఎడమకు. తారు అయిపోయాక శాన్ పాబ్లో రిడ్జ్, తర్వాత బెల్గమ్ దిగుడు. మొత్తం సుమారు 8 మైళ్లు, అంటే పన్నెండు పదమూడు కిలోమీటర్లు.

ఈ పార్కులో ఒక్క దారే ఎంచుకోమంటే నేను హేవీనే ఎంచుకుంటాను. మిగతావి ఎండలో కాగే వెడల్పాటి రోడ్లు. ఇది సన్నటి లోయలో చెట్ల కిందుగా, నిదానంగా ఎక్కే దారి. మెజూ కంటే దూరం ఎక్కువైనా మొత్తంగా ప్రాణానికి సుఖం, పరుగు ఎక్కువ, నడక తక్కువ. చిక్కల్లా వానాకాలంలోనే. నీడ వల్ల తడి ఆరదు, వాన వెలిసిన వారానికి కూడా బురద ఉంటుంది. తడి నెలల్లో సైకిళ్లను రానివ్వరు. మనం కూడా అప్పుడు మెజూ రూటుతో సరిపెట్టుకోవడం మర్యాద.

మధ్యలో అలసిపోతే బయటపడే మార్గం ముందే తెలిసి ఉండాలి. హేవీ ఎక్కాక కష్టంగా ఉంటే రిడ్జ్ మీద బెల్గమ్ దాకా పోనక్కర్లేదు, దానికంటే ముందే మెజూ వస్తుంది, అక్కడ నెమ్మదిగా నడిచి దిగిపోవచ్చు. హేవీ మొదట్లోనే కష్టంగా ఉంటే వెనక్కి తిరగండి, వాగు దారి ఇంటికి తీసుకొస్తుంది.

కాన్లన్ సంగతి? అది నిటారు, నీడ లేదు. కాళ్లలో బలం పరీక్షించుకోవాలనుకునేవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పను.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది: ఇన్‌స్పిరేషన్ పాయింట్‌లో కారు పెట్టి, గట్టు మీద నుంచి వాగులోకి దిగిపోవడం. దిగేటప్పుడు ఎంత బాగుంటుందో! ఆపైన కాళ్లు అరిగి, నీళ్లు అయిపోయి, ఎండ నెత్తికెక్కాక, ఎక్కాల్సిన కొండంతా ముందుంటుంది. నదిలో ఎదురీత ముందు, వాలు ఈత తర్వాత అన్నట్టు, ఎక్కుడు ఎప్పుడూ మొదటి సగంలో ఉండాలి. వాగు, గట్టు రెండూ కలిసే రూట్లు చేయాలంటే అల్వరాడో నుంచే బయల్దేరండి.

రోడ్డు వేగాన్ని ఇక్కడ కోరుకోవడం రెండోది. రోడ్డు మీద కిలోమీటరుకు ఆరు నిమిషాలు పరిగెత్తేవాళ్లకు ఈ చుట్టు దారుల్లో తొమ్మిది, పది పడితే అది మామూలే. ఇంట్లో చెప్పేటప్పుడు రోడ్డు లెక్కకు ఒకటిన్నర రెట్లు వేసి చెప్పండి, లేకపోతే ఫోన్ల మీద ఫోన్లు, అనవసరమైన టెన్షన్.

సాయంత్రం ఆఫీసయ్యాక వెళ్లడం ఇంకోటి. డిసెంబరులో ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. లోయలో ఇంకా ముందే చీకటి. నెత్తికి కట్టుకునే లైటు లేకుండా మూడు తర్వాత పెద్ద చుట్టు మొదలుపెట్టొద్దు.

పాము కనిపిస్తే తరమడం, ఫొటో కోసం దగ్గరికి వెళ్లడం. వసంతం నుంచి శరదృతువు దాకా ర్యాటిల్‌స్నేక్‌లు వెచ్చటి దారి మీద పడుకుంటాయి. ఆగండి, వెనక్కి జరగండి, దాన్ని వెళ్లనివ్వండి. కరిస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు కట్టడం ఏదీ చేయకూడదు. కదలకుండా కూర్చుని 911కు ఫోన్ చేయాలి. సిగ్నల్ లేకపోతే తోడున్నవాళ్లు గట్టెక్కి చేయాలి. ఒంటరిగా పెద్ద చుట్టుకు వెళ్లొద్దనడానికి ఇదొక్క కారణం చాలు. కొండసింహం కనిపించడం చాలా అరుదు. కనిపిస్తే మాత్రం పరిగెత్తకూడదు: ఎదురుగా నిలబడి, చేతులెత్తి పెద్దగా కనబడుతూ, అరుస్తూ వెనక్కి జరగాలి.

కుక్కను వెంట తెచ్చేవాళ్లకు ఒక మాట. వైల్డ్‌క్యాట్‌లో తీసుకెళ్లొచ్చు, కానీ పక్కనే జ్యువెల్ లేక్ ఉన్న టిల్డెన్ నేచర్ ఏరియాలోకి రానివ్వరు. వాగు దారిలో దక్షిణానికి పోతూ పోతూ ఆ హద్దు దాటేస్తుంటారు.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

గడియారం చూపించే మొత్తం ఎక్కుడు అంకెను నమ్ముకోవద్దు. ఒకే దారిలో ఇద్దరి గడియారాలు వేర్వేరు లెక్కలు చూపిస్తాయి. దానికి బదులు బోర్డు నుంచి బోర్డుకు సమయం చూడండి. మెజూ కింది బోర్డు దగ్గర గడియారంలో ల్యాప్ బటన్ నొక్కండి, గట్టు మీద మళ్లీ నొక్కండి. నెలకోసారి, ఇలాంటి వాతావరణంలోనే, అదే శ్వాస తీరుతో ఎక్కి పోల్చండి. సమయం తగ్గితే ఎక్కుడు కుదురుతోంది. సమయం అంతే ఉన్నా నడక భాగం తగ్గితే అదీ మెరుగుదలే.

మర్నాడు నొప్పి ఎక్కడుందో చూడండి. తొడల ముందు భాగం పట్టేసి, మెట్లు దిగేటప్పుడు అమ్మో అనిపిస్తే అది దిగుడు వల్ల, రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉంటే అడుగు పొడవైంది, మడమతో బ్రేకు వేస్తున్నారు. వచ్చే వారం అదే దిగుడు నడిచి దిగండి. నొప్పి ఒక్క చోటే గుచ్చినట్టుండి వారమైనా తగ్గకపోతే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి.

చివరి మైలు ఎలా గడిచిందో గుర్తు చేసుకోండి. బెల్గమ్ దిగుడులో కాళ్లు మీ మాట విన్నాయా, లేక వాటంతట అవే పడిపోతున్నాయా? రెండోదైతే ఎక్కుడులో ఎక్కువ ఖర్చు పెట్టారు, వచ్చేసారి నడక ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి.

నీళ్ల సీసా కూడా చెబుతుంది. కారు దగ్గరికి వచ్చేసరికి పావు వంతు మిగిలి ఉంటే తెచ్చిన నీళ్లు సరిపోయినట్టు. సగం మిగిలితే తాగడం మర్చిపోయారు, ఎప్పుడో ఖాళీ అయితే వచ్చేసారి ఇంకో అర లీటరు.

ఇంటికొచ్చాక

సోఫాలో కూర్చోకముందే బూట్లు బయట విప్పండి, బట్టలు నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేయండి. పాయిజన్ ఓక్ నూనె బట్టల నుంచి చేతికి, చేతి నుంచి పిల్లలకు అంటుతుంది. సబ్బుతో రుద్దుతూ స్నానం చేయండి, వేడి నీళ్లలో నానడం కాదు. బూట్ల లేసులను కూడా కడగండి, అందరూ మరిచేది అదే.

స్నానంలోనే పేలపురుగుల కోసం చూసుకోండి: మోకాలి వెనక, నడుము పట్టీ కింద, చంకలు, చెవుల వెనక, జుట్టు. నువ్వుగింజ కంటే చిన్నవి కూడా ఉంటాయి. పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగండి. నూనె పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తేదీ ఫోన్‌లో రాసుకోండి. తర్వాతి వారాల్లో జ్వరం గానీ, చుట్టూ విస్తరించే ఎర్రటి మచ్చ గానీ వస్తే డాక్టరుకు ఆ తేదీ చెప్పండి, లైమ్ వ్యాధి ఉందేమో వాళ్లు చూస్తారు.